ఎంజీబీ అలాయ్ వీల్స్‌కు తెల్ల పొడి పట్టింది: గీకడం నుంచి బిగించడం దాకా

అన్నా, మీ ప్రశ్నను ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. నల్గొండలో మీ దగ్గర 1972 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) రోడ్‌స్టర్ ఉంది. దానికి మినీలైట్ తరహా ఎనిమిది స్పోకుల అలాయ్ వీల్స్, 14 × 5.5 అంగుళాలవి, స్టెప్నీతో కలిపి ఐదు. బండి ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడింది. క్లియర్ కోట్ (రంగు పైన కొట్టే పారదర్శకమైన పొర) పొరలు పొరలుగా లేచింది, దాని కింద తెల్ల పొడి, అంచులకు గీతలు, ఒక రిమ్ములో గాలి నిలవడం లేదు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి భట్టీలో కాల్చి పట్టించడం) చేయించాలా, ఇంట్లోనే స్ప్రే కొట్టుకోవాలా, తిరిగి ఎక్కించేటప్పుడు ఏం చూసుకోవాలి అని అడిగారు.

రంగు సంగతి చివరికి. ఈ పనిలో చెడిపోయే చక్రాలు దాదాపు అన్నీ రెండు చోట్ల చెడిపోతాయి: తుప్పును పూర్తిగా తీయకుండా పైన పూసినచోట, రంగు ఉండకూడని చోట రంగు ఉండిపోయినచోట. మొదటిది చేస్తే ఏడాదిలో మళ్లీ పొక్కులు లేస్తాయి. రెండోది చేస్తే నట్లు వదులైపోతాయి. అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

అసలు పని మొదలుపెట్టే ముందు ఆ చక్రాలు ఏ లోహమో తేల్చుకోండి. మినీలైట్ చక్రాలు 1960లలో బ్రిటన్‌లో రేసు, ర్యాలీ కార్ల కోసం మొదట మెగ్నీషియంతో పోసినవి. తర్వాత వచ్చినవి, వాటిని చూసి ఇతరులు చేసినవి ఎక్కువగా అల్యూమినియంవే. మీవి కూడా అల్యూమినియంవే అయ్యుండొచ్చు, కానీ అనుకుని వదిలేయకండి. రిమ్ము లోపలివైపు ఒక రూపాయి బిళ్లంత చోట రంగు గీకి, లోహం మెరిసేలా చేసి, దాని మీద తెల్ల వెనిగర్ ఒక చుక్క వేయండి. మెగ్నీషియం అయితే కొన్ని సెకన్లలోనే బుడగలు పొంగుతాయి, అల్యూమినియం అయితే ఊరికే ఉంటుంది. చూడగానే నీళ్లతో తుడిచేయండి. మెగ్నీషియం అని తేలితే కింద చెప్పిన రుద్దుడు, గ్రైండింగ్, బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గింజలు కొట్టి శుభ్రం చేయడం) ఏదీ ఇంట్లో చేయొద్దు. దాని సన్నటి పొడికి నిప్పు అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ ఎక్కువవుతుంది. పైగా అన్నేళ్ల మెగ్నీషియం చక్రాన్ని పగుళ్ల పరీక్ష లేకుండా రోడ్డు మీద తిప్పకూడదు. ఇక్కడి నుంచి అల్యూమినియం అనుకునే రాస్తున్నాను.

తెల్ల పొడి ఎందుకొస్తుందో తెలిస్తే ఎంతవరకు గీకాలో తెలుస్తుంది. రాయి తగిలి క్లియర్ కోట్‌కు చిన్న చిల్లు పడుతుంది. అందులోంచి తేమ, ఉప్పు లోపలికి పోతాయి. ఆ చిల్లు అంచు నుంచి తుప్పు సన్నని వెంట్రుకల్లాంటి గీతలుగా రంగు కిందే పాకుతుంది. పైన పొర బాగానే కనిపిస్తుంది, కింద లోహం అల్యూమినియం ఆక్సైడ్, హైడ్రాక్సైడ్ పొడిగా మారిపోతూ ఉంటుంది. అందుకే లేచిన చోట మాత్రమే గీకి, చుట్టూ బాగున్న రంగును వదిలేసి, పైన టచప్ చేస్తే పని కాదు. బాగున్నట్టు కనిపించే చోటికి ఆ గీత ఎప్పుడో చేరుకుని ఉంటుంది. ఐదు చక్రాలనూ ఒట్టి లోహం దాకా తీసుకురావాలి. మధ్యేమార్గం లేదు.

గాలి నిలవని చక్రం లీకు ఎక్కడో ముందే గుర్తు పెట్టుకుని (ఎలాగో కింద చెప్పాను), టైర్లు, వాల్వులు, బ్యాలెన్స్ వెయిట్లు అన్నీ విప్పించండి. పాత వెయిట్ల జిగురును హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, ప్లాస్టిక్ గరిటెతో లేపి, మిగిలింది కిరోసిన్‌తో తుడవండి. తర్వాత డిటర్జెంట్‌తో బ్రేకు దుమ్ము, నూనె పోయేదాకా తోమండి. నూనె ఉండగా ఎమెరీ పట్టిస్తే నూనె గీతల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా రాదు.

రంగు ఊడదీయడానికి పెయింట్ల షాపులో దొరికే జెల్లీ రకం పెయింట్ రిమూవర్ వాడండి. మందంగా పూసి, పైన పాలిథిన్ కప్పి, 15–20 నిమిషాలు ఉంచి, ప్లాస్టిక్ గరిటెతో లాగండి. స్పోకుల మూలల్లో ఇత్తడి బ్రష్షు కాకుండా నైలాన్ బ్రష్షు వాడండి. రెండు మూడు సార్లు పూయాల్సి వస్తుంది. పని బయట, గాలి ఆడేచోట, మందపాటి రబ్బరు చేతి తొడుగులతో, కళ్లద్దాలతో చేయాలి. ఎండలో వద్దు, పూసింది పని చేయకముందే ఎండిపోతుంది.

గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్లు రంగు తీయడానికి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుతారు. ఇనుముకు అది నడుస్తుంది. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది, లోహం మీద నల్లటి మసి మిగులుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ కూడా అంతే. అలాగే భట్టీలో కాల్చి రంగు తీసే పద్ధతి ఒకటుంది, అక్కడ వేడి 400 డిగ్రీల దాకా పోతుంది. పోత అల్యూమినియం చక్రానికి బలం వచ్చేది దాదాపు 150–160 డిగ్రీల దగ్గర చేసే వేడి ప్రక్రియ వల్ల. 400 డిగ్రీలు చూపిస్తే ఆ బలం పోతుంది, చక్రం చూడ్డానికి మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఎవరికి ఇచ్చినా "కాస్టిక్ వద్దు, కాల్చడం వద్దు" అని ముందే చెప్పి రాయించుకోండి.

రంగు పోగానే, బ్లాస్టింగ్‌కు పంపేలోపే పగుళ్లు చూడాలి. ఈ వరుస తప్పొద్దు. బ్లాస్టింగ్‌లో గింజలు లోహం పైపొరను కొట్టి, సన్నటి పగులు నోటిని మూసేస్తాయి, తర్వాత ఏ పరీక్షకూ అది చిక్కదు. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో డై పెనెట్రెంట్ కిట్ దొరుకుతుంది. మూడు డబ్బాలు ఉంటాయి: క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్. క్లీనర్‌తో తుడిచి, ఎర్ర రంగు కొట్టి 10–15 నిమిషాలు ఆగి, పైది గుడ్డతో తుడిచేసి, డెవలపర్ పలచగా చల్లండి. పగులు ఉంటే తెల్లటి దాని మీద ఎర్ర గీత మెల్లగా పైకి తేలుతుంది. నట్టు రంధ్రాల చుట్టూ, స్పోకు మధ్యభాగానికి అతికే మూల, స్పోకు రిమ్మును కలిసే చోటు, లోపలి అంచు, ఈ నాలుగూ ముఖ్యం. ఎర్ర చుక్కలు మాత్రమే వస్తే అవి పోతలోని సూది రంధ్రాలు. గీతగా వస్తే పగులే. స్పోకు మీద గానీ, నట్టు రంధ్రం దగ్గర గానీ గీత వస్తే ఆ చక్రం పాత సామాన్లకే. వెల్డింగ్ చేయిస్తాం అనేవాళ్లు దొరుకుతారు. ఆ వెల్డు పక్కన లోహం మెత్తబడిపోతుంది, అదే చోట మళ్లీ తెగుతుంది.

రిమ్ము వంకర సంగతి కూడా ఇప్పుడే చూడండి. బండి హబ్బు మీదే చక్రాన్ని బిగించి, డయల్ గేజ్ పెట్టి తిప్పండి. పక్కకు ఊగడం, పైకి కిందికి ఊగడం రెండూ 1 మి.మీ. లోపు ఉంటే అలాగే వాడుకోవచ్చు. హైవే పక్కన గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి సరిచేసే పని మాత్రం వద్దు, పైన భట్టీ గురించి చెప్పిన కారణమే. హైడ్రాలిక్ యంత్రం మీద నెమ్మదిగా నొక్కి తీసేవాళ్ల దగ్గరికి పంపండి, అదీ లోపలి అంచు కొంచెం వంగి ఉంటేనే. స్పోకులే పక్కకు పోయి ఉంటే ఆశ వదులుకోండి.

పగులు లేకపోయినా గాలి నిలవని చక్రానికి మామూలు కారణాలు మూడు: వాల్వు, టైరు కూర్చునే అంచు, పోతలో సూది రంధ్రాలు. టైరు విప్పక ముందే, గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడినుంచి వస్తోందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. చాలావరకు అది అంచే అయ్యుంటుంది. అక్కడ తుప్పు రబ్బరును లేపుతుంది. ఆ చోటును 180, తర్వాత 320 నంబర్ ఎమెరీతో చుట్టూరా నునుపు చేయాలి, అడ్డంగా రుద్దొద్దు, అడ్డగీతలు గాలికి దారులవుతాయి. లోపల ట్యూబు వేసి లీకును దాచడం మనదగ్గర మామూలే. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేస్తే లోపలి రాపిడికి వేడెక్కుతుంది, పంచర్ అయితే గాలి ఒక్కసారిగా పోతుంది. హైవే మీద నడిపే బండికి అది తగదు.

బ్లాస్టింగ్‌కు 120 నంబర్ అల్యూమినియం ఆక్సైడ్ గానీ, గాజు పూసలు గానీ, 40–60 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. చౌకగా అవుతుందని వాగు ఇసుకతో కొట్టించొద్దు. ఆ దుమ్ము కొట్టేవాడి ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తుంది, చక్రం మీద గుంటలూ పెడుతుంది. ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు: ఇనుప గేట్లకు వాడిన గింజలే మీ చక్రాలకూ వాడితే ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుపోతాయి. తేమ తగిలినప్పుడు ఆ ఒక్కో రేణువు చుట్టూ అల్యూమినియం తినుకుపోతుంది, ఆరు నెలల్లో కొత్త రంగు మీద నిండా పొక్కులు. కొత్త గింజలు మీరే కొనిచ్చి, అవే వాడమని చెప్పండి. బ్లాస్టింగ్ దొరక్కపోతే 120, 180, 240 వరుసలో చేత్తో రుద్దుకోవచ్చు. చక్రానికి ఒక రోజు పని. చిన్న గుంటల అడుగున కూడా తెలుపు పూర్తిగా పోయి, లోహం మెరిసిందాకా ఆగొద్దు. పగటి వెలుతురులో, చక్రాన్ని వాలుగా పట్టుకుని చూడండి. గుంట అడుగు ఇంకా బూడిదరంగులో మసకగా ఉందంటే తుప్పు మిగిలే ఉంది.

అంచు గీతలకు ముందు సన్నపళ్ల ఆకురాయితో లేచిన మొనలు తీసి, 80, 180, 320 ఎమెరీలతో చుట్టూ కలిసిపోయేలా దించండి. లోతు 1.5 మి.మీ. దాటితే దించుతూ పోవద్దు, అంచు పలచనవుతుంది. అక్కడ అల్యూమినియం పొడి కలిసిన ఎపాక్సీ పుట్టీ నింపండి. డెంటింగ్ షాపుల మామూలు పాలియెస్టర్ పుట్టీ స్ప్రే రంగు కిందైతే పర్వాలేదు, పౌడర్ కోటింగ్ భట్టీలో మాత్రం పగిలి పొంగుతుంది. ఎపాక్సీకి కూడా డబ్బా మీద తట్టుకునే వేడి ఎంతో చదివే వాడాలి. టైరు కూర్చునే చోట, నట్టు కూర్చునే చోట ఏ పుట్టీ వద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. రోజూ నడిపే బండి అయితే పౌడర్ కోటింగ్ అంటాను, రాళ్ల దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఈ పని చేసేవాళ్లున్నారు. లోహం వేడి 180–200 డిగ్రీలు, 20 నిమిషాలు మించొద్దని, ఒకే విడత భట్టీలో పూర్తి చేయమని అడగండి. ప్రైమర్‌కు ఒకసారి, రంగుకు ఒకసారి, క్లియర్‌కు ఒకసారి భట్టీ ఎక్కిస్తే ఆ వేడి మొత్తం పేరుకుంటుంది. నా సలహా మాత్రం మీ బండికి స్ప్రేనే. 1970ల చక్రాల వెండి రంగు పలచగా, కొంచెం మసకగా ఉంటుంది. పౌడర్ 60–100 మైక్రాన్ల మందం పడి స్పోకుల అంచుల పదును పోతుంది, రంధ్రాల్లో దళసరిగా నిలుస్తుంది. పైగా తర్వాత ఎక్కడైనా చెక్కు లేస్తే స్ప్రే అయితే అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు.

ఐదు చక్రాలకు లోపలా బయటా కలిపి కావలసినవి: ఎపాక్సీ ప్రైమర్ అర లీటరు, హార్డెనర్ విడిగా. వీల్ సిల్వర్ బేస్ కోట్ అర లీటరు. 2కే (హార్డెనర్ కలిపి వాడే) క్లియర్ అర లీటరు, దానికి తగ్గ హార్డెనర్ పావు లీటరు. బేస్‌కు సరిపడా స్లో థిన్నర్ ఒక లీటరు. వ్యాక్స్-గ్రీజ్ రిమూవర్ అర లీటరు. 320, 600 వాటర్ పేపర్లు చెరో ఆరు.

ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొరికి పట్టుకునే ఆమ్లపు ప్రైమర్) వేసి దాని మీద ఎపాక్సీ వేయమని చెప్పేవాళ్లు ఉంటారు. కంపెనీ కాగితంలో స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప అలా చేయొద్దు. ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం ఎపాక్సీని సరిగ్గా గట్టిపడనివ్వదు, రంగు గోరుతో గీకితే పొరగా ఊడుతుంది. బ్లాస్టింగ్ చేసిన ఒట్టి లోహం మీద నేరుగా ఎపాక్సీ చాలు. కానీ అదే రోజు, వీలైతే నాలుగు గంటల్లోపు వేయాలి. చేత్తో తాకినచోట వేలిముద్ర ఉప్పు కూడా తుప్పుకు మొదలవుతుంది, కాబట్టి బ్లాస్టింగ్ అయ్యాక శుభ్రమైన గ్లవ్స్ తీయొద్దు.

కడగడంలో మన ప్రాంతం సంగతి ఒకటుంది. నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడు, దాంతోపాటు ఇతర లవణాలు ఎంతుంటాయో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఆ నీళ్లతో ఆఖరి కడుగుడు చేసి ఆరనిస్తే లవణాలు లోహం మీదే మిగిలిపోతాయి. వాటి మీద ప్రైమర్ పడితే వానకాలంలో తేమను కిందికి లాగి పొక్కులు లేపుతాయి. మొదటి కడుగుళ్లు బోరుతో కానివ్వండి, చివరిది బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి, చక్రానికి రెండు లీటర్లు చాలు. 600 పేపర్ పట్టేటప్పుడూ అదే నీళ్లు. తర్వాత గాలితో మూలలన్నీ ఊది ఆరబెట్టి, గ్రీజ్ రిమూవర్ ఒక గుడ్డతో పూసి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి.

వాతావరణం రెండో సంగతి. ఎండకాలం మధ్యాహ్నం 42–45 డిగ్రీల వేడిలో, ఎండలో పెట్టిన లోహం అంతకన్నా చాలా ఎక్కువ కాగుతుంది. తుంపర గాలిలోనే ఆరి, గరుకు పొడిగా పడుతుంది. పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది లోపు పని ముగించండి. స్లో థిన్నర్ అందుకే. వానకాలంలో ఇంకో గొడవ: థిన్నర్ ఆవిరవుతూ రంగు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పడి క్లియర్ తెల్లబారుతుంది. ముసురు పట్టిన రోజు, తేమ 80 శాతం దాటిన రోజు క్లియర్ కొట్టొద్దు. కంప్రెసర్ గొట్టానికి మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి, ట్యాంకు అడుగు నీళ్లు ముందే వదిలేయండి. షెడ్డు నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి. 2కే క్లియర్ హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. వాసన తెలియకుండానే ఊపిరితిత్తులకు ఎలర్జీ పట్టిస్తుంది, ఒకసారి పడితే జీవితాంతం ఉంటుంది. గుడ్డ కట్టుకుంటే సరిపోదు. బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు ఉత్తమం. అది లేకపోతే కనీసం ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ కొత్తది పెట్టిన మాస్కు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఉండాలి, షెడ్డు రెండు వైపులా తెరిచి ఉండాలి.

ప్రైమర్‌కు 1.6 నాజిల్, బేస్‌కు, క్లియర్‌కు 1.3. హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో రంగు చల్లే) గన్ అయితే గన్ దగ్గర 25–30 పీఎస్‌ఐ. తిరిగే స్టాండు మీద చక్రాన్ని పెట్టి, ముందు లోపలి గొట్టం, తర్వాత స్పోకుల మధ్య ఖాళీల గోడలు, ఆ తర్వాత స్పోకుల పక్కలు, ఆఖరున ముఖం. ముఖంతో మొదలుపెడితే పక్కలు కొట్టినప్పుడు తుంపర దాని మీద పొడిగా పడుతుంది. ఎపాక్సీ రెండు పలచని కోట్లు, రాత్రంతా ఆరాక 600 పట్టి, బేస్ మూడు పలచని కోట్లు, ఒక్కోదాని మధ్య పది నిమిషాలు. సిల్వర్‌లో లోహపు రేకులుంటాయి, తడిగా కొడితే మచ్చలుగా పోగవుతాయి. అందుకే ఆఖరి బేస్ కోటు కొంచెం దూరం నుంచి, పలచగా. క్లియర్ రెండు కోట్లు: మొదటిది పలచగా, పది నిమిషాలాగి రెండోది తడిగా. ధారలు కారేది ఎప్పుడూ స్పోకు మొదట్లోని మూలలోనే, అక్కడ గన్ ఆపకుండా దాటించండి. తాకితే అంటకపోవడానికి ఒక రాత్రి చాలు, టైరు ఎక్కించడానికి మాత్రం వారం ఆగాలి. తొందరపడితే యంత్రం పట్టు గుర్తులు రంగు మీద పడతాయి.

ఇప్పుడు రంగు ఉండకూడని చోట్లు. నట్టు కూర్చునే గుంట, హబ్బుకు ఆనే వెనక ముఖం, మధ్య రంధ్రం లోపలి గోడ. ఈ మూడింటినీ ప్రైమర్ ముందే మాస్కింగ్ టేపుతో, సరైన సైజు బిరడాలతో మూసేయాలి. పౌడర్‌కు ఇచ్చినా సరే, వేడికి తట్టుకునే సిలికాన్ బిరడాలు పెట్టించాలి. కారణం: బిగించినప్పుడు మధ్యలో రంగు పొర ఉంటే, తర్వాత వేడికి, ఒత్తిడికి అది నలిగి పలచనవుతుంది. ఒక మి.మీ.లో పదో వంతు నలిగినా స్టడ్డులోని (నట్టు ఎక్కే బోల్టులోని) లాగుడు చాలావరకు పోతుంది. నట్టు తిరగకుండానే బిగువు పోయినట్టు. టైరు కూర్చునే అంచు మీద పలచటి ప్రైమర్, ఒక బేస్ చాలు.

టైర్లకు 165/80 ఆర్14 గానీ, 185/70 ఆర్14 గానీ వేసుకోవచ్చు, 5.5 అంగుళాల రిమ్ముకు రెండూ సరిపోతాయి. మొదటిదాని వ్యాసం దాదాపు 620 మి.మీ., రెండోది 615, కాబట్టి స్పీడోమీటరు తేడా పట్టించుకోనక్కర్లేదు. 165/80 ఆర్14 మారుతి డిజైర్, స్విఫ్ట్‌లకు వచ్చే సైజే, నల్గొండలోనే దొరుకుతుంది. పక్కగోడ మీద డాట్ కోడు చివరి నాలుగు అంకెలు చూసి తీసుకోండి, 3224 అంటే 2024లో 32వ వారం. వాల్వులు కొత్తవి వేయించండి. రంధ్రం 11.5 మి.మీ. ఉంటే టీఆర్413, 16 మి.మీ. దగ్గరుంటే టీఆర్415. టైరు అంచుకు టైరు పేస్టే పూయాలి, గ్రీజు, డీజిల్ వద్దు. అంచు కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ దాటించొద్దు. కూర్చోకపోతే గాలి తీసి, మళ్లీ పేస్టు పూసి ప్రయత్నించాలి.

బ్యాలెన్సింగ్‌లో ఈ తరహా చక్రాలు చాలాచోట్ల మోసం చేస్తాయి. యంత్రం చక్రాన్ని మధ్య రంధ్రంలో కోను పెట్టి పట్టుకుంటుంది. బండి మీద మాత్రం మీ చక్రం నట్ల వల్ల మధ్యకు వస్తుంది. మధ్య రంధ్రం కచ్చితంగా కోయని చక్రమైతే యంత్రం సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కాక 80–90 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. నాలుగు పిన్నుల ఫ్లాంజ్ ప్లేటు ఉన్న షాపు వెతకండి, లేకపోతే కోనును వెనక వైపు నుంచి పెట్టించండి. వెయిట్లు అతికించేవి, లోపలి గొట్టంలో వేయించండి. అంచుకు కొట్టే వెయిట్లు కొత్త రంగును మొదటి రోజే పగలగొడతాయి.

బిగింపుకు వస్తే, మీ బండికి స్టడ్లున్న హబ్బులా, స్ప్లైన్ (చుట్టూ పళ్లున్న) హబ్బులా అని ముందు చూడండి. వైర్ వీల్స్‌తో వచ్చిన ఎంజీబీకి స్ప్లైన్ హబ్బు ఉంటుంది, వెనక ఇరుసు కూడా వెడల్పు తక్కువ. ఈ చక్రాలు దానికి నేరుగా ఎక్కవు. నాలుగు స్టడ్లయితే పీసీడీ (స్టడ్ల కేంద్రాల మీదుగా పోయే వలయం వ్యాసం) 114.3 మి.మీ., అంటే నాలుగున్నర అంగుళాలు. స్టడ్డు 1/2 అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర), అంగుళానికి 20 మరలు.

ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది. మారుతి 800 పీసీడీ కూడా 114.3 కాబట్టి, పాత యజమానులెవరో స్టడ్లు మార్చి ఎం12 × 1.25వి (12 మి.మీ. లావు, 1.25 మి.మీ. మర దూరం) వేసి ఉండొచ్చు. 1/2 అంగుళం మర దూరం 1.27 మి.మీ., దాదాపు అదే. కానీ లావు 12.7, 12 మి.మీ. తేడా. 1/2 అంగుళం నట్టు ఎం12 స్టడ్డు మీద చేత్తోనే హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టూ అనిపిస్తుంది. పట్టేది మాత్రం మర అంచుల కొసలు మాత్రమే, లోడు పడగానే ఊడొస్తాయి. వెర్నియర్‌తో స్టడ్డు లావు కొలవండి. 16 స్టడ్లూ విడివిడిగా కొలవండి, ఒక చక్రానివే మార్చి ఉండొచ్చు.

నట్టు రకం చక్రానికి సరిపోవాలి. రంధ్రం శంఖాకారంగా ఉంటే 60 డిగ్రీల కోను నట్టు. నున్నటి నేరు రంధ్రం, చదునైన గుంట ఉంటే పొడుగు మెడ నట్టు, దాని కింద వాషరు. కోను నట్టును చదును గుంటలో బిగిస్తే ఒక సన్నని వలయం మీదే ఆనుతుంది, అల్యూమినియంను కొరికేసి వదులవుతుంది. మెడ నట్టయితే మెడ చివర హబ్బుకు తగలకుండా కనీసం 2 మి.మీ. ఎడం ఉండాలి. మైనం ముద్ద పెట్టి బిగించి తీసి కొలవొచ్చు. అలాయ్ మధ్యభాగం ఇనుప చక్రం కన్నా మందం కనుక స్టడ్డు పొడవు చాలకపోవచ్చు. నట్టును చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి, పది పూర్తి చుట్లు పడాలి. పది చుట్లంటే 12.7 మి.మీ. పట్టు, స్టడ్డు లావుకు సమానం. తక్కువ పడితే పొడవు స్టడ్లు వేయాల్సిందే.

హబ్బు ముఖం మీద తుప్పును వైరు బ్రష్షుతో తీసి, మధ్య బుడిపె చుట్టూ మాత్రం సిరామిక్ యాంటీ-సీజ్ (అతుక్కోకుండా చేసే పేస్టు) పలచగా రాయండి. లేకపోతే ఇనుము, అల్యూమినియం కలిసిన చోట తుప్పు పట్టి చక్రం అతుక్కుపోతుంది. స్టడ్ల మరలకు నూనె, గ్రీజు వద్దు. టార్క్ (నట్టును తిప్పి బిగించే బలం) అంకె పొడి మరలకు చెప్పింది, జిడ్డు ఉంటే అదే టార్కుకు స్టడ్డు చాలా ఎక్కువ లాగబడుతుంది.

జాకీ గుమ్మం కింది గొట్టాల్లో పెట్టొద్దు, ఈ బండ్లలో అక్కడ లోపల తుప్పు తిని ఉంటుంది. ముందు క్రాస్‌మెంబర్ కింద, వెనక ఇరుసు కింద, మధ్యలో చెక్క పెట్టి లేపి, స్టాండ్ల మీద దించండి. చక్రం పెట్టి, నట్లన్నీ చేత్తో తిప్పి, చక్రాన్ని కదుపుతూ గుంటల్లో కూర్చోనివ్వండి. బండి దించాక ఎదురెదురు నట్ల వరుసలో 30 న్యూటన్ మీటర్లు, 60 న్యూటన్ మీటర్లు, చివరి అంకె, ఇలా మూడు విడతలు. ఎంజీబీ హ్యాండ్‌బుక్ 60–65 పౌండ్-అడుగులు అంటుంది, అంటే 81–88 న్యూటన్ మీటర్లు. అలాయ్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే. గాలి గన్ దగ్గరికి రానివ్వకండి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 200కు ఇంకోసారి, చక్రాలు చల్లారాక టార్క్ రెంచితో చూడండి.

మొదటిసారి నడిపే ముందు ఎడాలు చూడాలి. ముందు క్యాలిపర్‌కు, చక్రానికి మధ్య కనీసం 3 మి.మీ. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. చాలా ఎంజీబీలలో వెనక ఇరుసు కొద్దిగా ఒక పక్కకు ఉంటుంది, అందుకే ఒకవైపు టైరు మడ్‌గార్డు లోపలి మడతకు దగ్గరవుతుంది. 185 టైరు వేస్తే వెనక డిక్కీలో ఇద్దరిని కూర్చోబెట్టి ఆ ఎడం కొలవండి, 10 మి.మీ. లేకపోతే 165కే ఉండిపోండి. గాలి 165 రేడియల్‌కు హ్యాండ్‌బుక్ ముందు 21, వెనక 24 పీఎస్‌ఐ చెప్తుంది. ఇప్పటి టైర్లకు మన వేడి రోడ్ల మీద ముందు 24, వెనక 26తో మొదలుపెట్టి, టైరు అరుగుదల చూసి మార్చుకోండి.

కడిగేటప్పుడు మామూలు కార్ షాంపూ చాలు. వాటర్ సర్వీసింగ్ వాళ్ల యాసిడ్, ఘాటు నురుగు చక్రాలకు తగలనివ్వొద్దు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీల వెనక వెళ్లి వచ్చాక ఆ రోజే కడగండి. సిమెంటు ధూళి తడిసిందంటే గట్టి క్షారం, చెక్కు లేచిన చోట అల్యూమినియాన్ని నేరుగా తింటుంది. కడిగాక బోరు నీళ్లు చక్రం మీదే ఆరిపోకుండా గుడ్డతో తుడవండి.

ఐదో చక్రం పగులు పరీక్షలో పోతే, స్టెప్నీగా పాత ఇనుప రాస్టైల్ (ఆ కాలంలో కంపెనీ ఇచ్చిన రకం) చక్రమే పెట్టుకోవచ్చు. కానీ మెడ నట్లు దానికి పట్టవు, కోను నట్లు కావాలి. ఆ నాలుగు నట్లనూ, వాటికి సరిపోయే పాననూ ఒక గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీకే వేలాడదీయండి.